టీ గ్లాసుడు నూనె

"అయిదు లీటర్లకి ఎంత పొయ్యమంటావురా?" అని మా బావ ఫోన్లో అడగడం ఇది మూడోసారి. మొదటిసారి టక్కున చెప్పేశాను: వంద మిల్లీలీటర్లు, యాభై పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు నూనె, మాన్యువల్లో రాసే ఉంది కదా అని. రెండోసారి కొంచెం ఆలోచించి చెప్పాను. మూడోసారికి నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు. ఆ జవాబే కూర్చుని రాస్తున్నాను.

భీమిలి దాటాక సముద్రం ఒడ్డున మా ఊరు. బావది ఫైబర్ బోటు. వెనక బిగించింది 9.9 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ మోటారు. మా తీరంలో డీజిల్ ఇంజన్లవాళ్ళూ ఉన్నారు, డబ్బు కూడబెట్టి ఫోర్-స్ట్రోక్ కొన్నవాళ్ళూ ఉన్నారు. అయినా టూ-స్ట్రోక్‌ను వదలనివాళ్ళు వదలరు. ఇద్దరు మోసుకుంటూ ఇసకలో నడిచి ఇంటికి తెచ్చుకోవచ్చు, విప్పడం తేలిక, బిగించడం తేలిక. కానీ దానికి విడిగా ఇంజన్ ఆయిల్ ఉండదు. పెట్రోల్లో కలిపి పోసిన ఆ కాస్త నూనే క్రాంకు బేరింగులను, పిస్టన్‌ను, రింగులను తడుపుతూ పోయి చివరికి కాలిపోతుంది. పెట్రోలుతో పాటు ఎప్పటికప్పుడు అందాల్సిందే. ఒక్క నిమిషం అందకపోయినా లోపల అప్పు ఇచ్చేవాళ్ళు లేరు.

2025 జూన్ 14 అర్ధరాత్రితో సముద్రంలో చేపల వేట మీద ఏటా ఉండే నిషేధం అయిపోయింది. 61 రోజులు ఒడ్డున కూర్చున్న బోట్లన్నీ తెల్లవారుజామునే దిగాయి. బావ కూడా కొబ్బరికాయ కొట్టి దిగాడు. మూడు నాలుగు కిలోమీటర్లు వెళ్ళాక మోటారు గొంతు మారిందట. సన్నగా, కీచుగా అయి, ఒక్కసారిగా ఆగిపోయింది. తాడు లాగితే రాలేదు. పక్క బోటువాళ్ళు తమ వేట ఆపుకుని కట్టి లాక్కొచ్చారు. ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ చేప పడుతుందని ఎదురుచూసే రోజు అది.

మెకానిక్ పిస్టన్ బయటికి తీసి పాత పేపరు మీద పెట్టాడు. నేను అక్కడే ఉన్నాను. ఒక పక్క నున్నగా, బాగానే ఉంది. పొగ బయటికి వెళ్ళే వైపు మాత్రం పై నుంచి కింది దాకా నిలువు గీతలు, గోరు ఆనిస్తే తగిలేంత లోతు. పై రింగు తన గాడిలో కదలడం లేదు, కరిగిన అల్యూమినియం దాని మీదికి పాకి అతుక్కుపోయింది. పిస్టన్ నెత్తి గోధుమరంగులో ఉండాల్సింది, తెల్లగా పాలిపోయి ఉంది. "నూనె అందలేదు బాబూ" అన్నాడు మెకానిక్. ఆయన ముప్ఫై ఏళ్ళుగా ఇవే మోటార్లు చూస్తున్న మనిషి.

గ్లాసు పగిలిన వేసవి

బావ కొలత ఏళ్ళ తరబడి ఒకటే. అయిదు లీటర్ల క్యాన్‌కి ఒక టీ గ్లాసు నూనె. ఆ కొలత మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. ఆ రోజు ఇంటికొచ్చి, పిల్లల మందుసీసాతో వచ్చిన కొలత కప్పు అక్కనడిగి తీసుకున్నాను. టీ గ్లాసు కూడా తెమ్మన్నాను. "అది ఎండాకాలంలోనే పగిలిపోయింది కదరా" అంది. అలాంటిదే ఇంకో గ్లాసు ఇంట్లో ఉంటే అంచు దాకా నీళ్ళు పోసి కొలిచాను. 105 మిల్లీలీటర్లు. అయిదు లీటర్లకి 105 అంటే దాదాపు 48:1. కంపెనీ చెప్పిన 50:1కి ఇంతకంటే దగ్గరి కొలత దుకాణంలో కొన్నా దొరకదు. నేను ఇన్నాళ్ళూ తప్పుపట్టిన కొలతలో తప్పు లేదు.

మరి గ్లాసు పగిలాక దేనితో కొలిచారు? ఒడ్డున ఉన్న టీ కొట్టువాడు గాజు గ్లాసులు మానేసి పేపరు కప్పులు పెట్టాడు. జూన్ 14 సాయంత్రం మా మేనల్లుడు అలాంటి కప్పుతో నూనె పోశాడు. టీ గ్లాసే కదా అనుకున్నాడు. నేను అదే కొట్టు నుంచి కప్పు తెచ్చి కొలిస్తే 65 మిల్లీలీటర్లు వచ్చింది. అంటే 77:1. మాట అదే, చెయ్యి అదే, పాత్ర చిన్నదైపోయింది.

ఇక్కడితో కేసు తేలిపోయినట్టే అనిపించింది. మెకానిక్ కూడా "నేను చెప్పానా" అన్నాడు. కానీ నాకు ఒక అనుమానం మిగిలిపోయింది. కొన్ని కంపెనీల మోటార్లకు 100:1 కలిపితే చాలని మాన్యువల్లోనే ఉంటుంది. 77:1 అన్నది తక్కువే, ఆ మోటారుకి తప్పే. కానీ అలవాటు పడిన మోటారును గంటసేపట్లో పిస్టన్ బిగుసుకుపోయి పట్టేసేలా చేసేంత తక్కువా?

అడుగున నీలం లేదు

బావది 24 లీటర్ల ఎర్ర ట్యాంకు. నిషేధం మొదలైన రోజున అందులో పావువంతు మిక్సింగ్ మిగిలి ఉంది. దాన్ని పెరట్లో పరదా కింద పెట్టారు, మూత మీది గాలి స్క్రూ బిగించలేదు. మే నెలలో రెండు మూడు గాలివానలు వచ్చాయి. జూన్ 14న ఆ పాతదాని మీదే కొత్త పెట్రోలు నింపారు.

ట్యాంకును ఒక మూలకు వంచి, అడుగున ఉన్నది ఒక నీళ్ళ సీసాలోకి వంపాను. కిటికీలో పెట్టి పది నిమిషాలు ఆగాను. సీసాలో రెండు పొరలు తేలాయి. పైది లేత నీలం, నూనెలో కలిపే రంగు అది. కింద రెండు వేళ్ళ మందాన ఇంకో పొర, దాదాపు నీళ్ళలా ఉంది, సారా వాసన కొడుతోంది. నీలం పైనే ఆగిపోయింది. నీలం ఎక్కడుందో నూనె అక్కడుంది. అడుగు పొరలో నూనె లేదు. ట్యాంకులోంచి ఇంజన్‌కి పెట్రోలు లాగే గొట్టం ఉండేది ఆ అడుగునే.

ఇప్పుడు బంకు పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు, అదీ ఒక రకం సారానే. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది. కొంత దాకా ఆ నీరు పెట్రోల్లోనే కలిసిపోయి కనబడకుండా ఉంటుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు సుమారు అర శాతం నీటిని మోయగలదు. 20 శాతం ఉన్నది ఇంకొంచెం ఎక్కువే మోస్తుంది. ఆ హద్దు దాటితే మాత్రం నీరు, ఇథనాల్ చేతులు పట్టుకుని కిందికి దిగిపోతాయి. ఇథనాల్ ఎక్కువున్న కొద్దీ ఆ కింది పొర కూడా పెద్దదవుతుంది.

గాలిలో చెమ్మ ఒక్కటే రెండు నెలల్లో అంత నీరు తెచ్చిందని నేను అనుకోను. వాన చుక్కలు, తడి గరాటు, కెరటం తుంపర పడ్డ క్యాన్ మూత, ఇలా నీరు చేరే దారులు మా పెరళ్ళలో చాలా ఉంటాయి. ఇవేవీ కొత్తవి కావు. పూర్వం కూడా ట్యాంకులో నీళ్ళు పడేవి, అడుగున ముత్యాల్లా విడిగా కనబడేవి, ఒంపేస్తే పోయేవి. ఇప్పుడవి ముందు కనబడకుండా పోతాయి. తర్వాత పెట్రోల్లో అయిదో వంతును వెంటబెట్టుకుని ఒకేసారి బయటపడతాయి.

సీసా తీసుకెళ్ళి మెకానిక్‌కి చూపించాను. ఆయన తిప్పి తిప్పి చూసి ఒక మాట అన్నాడు: "ఇది పోతే ఇంజన్ ఆగిపోద్ది బాబూ, పట్టెయ్యదు. పట్టేసిందంటే నూనె తక్కువే." ఈ మాట నన్ను చాలా రోజులు తిప్పింది, ఎందుకంటే అందులో నిజం ఉంది. నీళ్ళూ ఇథనాలూ ఒకేసారి నిండుగా వస్తే మోటారు తడబడి ఆగిపోవడమే ఎక్కువ. కానీ సముద్రం మీద ట్యాంకు కదలకుండా కూర్చోదు. ఊగిన ప్రతిసారీ ఆ పొర చెదిరి పెట్రోల్లో గుక్కలు గుక్కలుగా కలుస్తుంది. ఆగిపోయేంత రాదు, నూనె పలచబడేంత వస్తుంది. అప్పటికే కొత్తగా నింపిన పెట్రోల్లో నూనె 77:1. పైగా రెండు నెలలు ఉప్పుగాలిలో ఊరికే కూర్చున్న బేరింగులు. ఇన్నిట్లో దేన్ని దోషి అనాలో నాకు ఇప్పటికీ తెలియదు. మెకానిక్ ఒక్క నూనెనే అంటాడు. నేను ఆ ఒక్కదాని దగ్గరే ఆగలేకపోతున్నాను.

50:1 అన్న అంకె రాసినవాళ్ళ మనసులో ఒక రకం నూనె ఉంది, ఒక రకం పెట్రోలు ఉంది. ఆ రెండూ మన చేతిలో లేనప్పుడు ఆ అంకెను ఎంత శ్రద్ధగా పాటించినా మోటారుకి పూర్తి కాపుదల దొరకదు. మా దగ్గర అందరూ "ఎంత?" అని అడుగుతారు. ముందు అడగాల్సింది "ఏది?" అని.

స్కూటర్ నూనె

ఒకప్పుడు పెట్రోలు బంకులో టూ-స్ట్రోక్ బళ్ళ కోసం చేత్తో కొట్టే నూనె పంపు ఉండేది. లూనా అయినా, బజాజ్ చేతక్ అయినా ముందు నూనె కొట్టి, తర్వాత పెట్రోలు పోసేవాళ్ళు. "కొంచెం ఎక్కువే కొట్టు" అనడం మా నాన్న అలవాటు. మా ఊళ్ళో మోటార్లు వచ్చిన కొత్తలో జనం చేతికి అందిన నూనె అదే, మాట కూడా అదే. ఆ రెండూ ఇప్పటికీ పోలేదు.

టూటీ (2టీ, అంటే టూ-స్ట్రోక్ నూనె) అని అడిగితే దుకాణంలో ఇచ్చేది బండి నూనె. బండి ఇంజన్‌ను గాలి చల్లబరుస్తుంది, అది బాగా వేడెక్కుతుంది. ఆ వేడికి తట్టుకునేలా, మసి పట్టకుండా ఆ నూనెలో కాల్షియం లాంటి లోహాలున్న మందులు కలుపుతారు. అవి కాలాక బూడిద మిగులుతుంది. బోటు మోటారు తీరు వేరు. సముద్రపు నీళ్ళే దాన్ని చల్లబరుస్తాయి కాబట్టి చల్లగానే నడుస్తుంది, కానీ గంటల తరబడి నిండు బరువు మీద నడుస్తుంది. ఆ బూడిద పిస్టన్ నెత్తి మీద, ప్లగ్గు మొన మీద పేరుకుని నిప్పురవ్వలా ఎర్రబడితే మంట వేళ కాని వేళ అంటుకుంటుంది. అందుకే బోటు మోటార్లకి బూడిద మిగలని నూనె విడిగా ఉంది, డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉంటుంది. ఆ డబ్ల్యూ నీటితో చల్లబడే ఇంజన్‌కి గుర్తు. ఉప్పు చెమ్మకి తుప్పు పట్టకుండా కాపాడే గుణం కూడా దానికి ఉండాలి.

"మా నాయన పాతికేళ్ళు బండి నూనే పోశాడు, ఏం కాలేదు" అనేవాళ్ళు మా వీధిలో కనీసం నలుగురు ఉన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. బండి నూనె పోసిన మర్నాడే మోటారు చచ్చిపోదు. రింగులు నెమ్మదిగా బిగుసుకుంటాయి, దమ్ము తగ్గుతుంది, "పాతదైపోయింది" అని సిలిండరు లోపల చెక్కించి బోరు చేయిస్తారు. ఆ ఖర్చును ఎవరూ నూనె ఖాతాలో రాయరు. సముద్రం మీద నూనె అయిపోయి బండి నూనె ఒక్కటే చేతికి దొరికితే పోసుకుని ఒడ్డుకు రావాల్సిందే, ఏమీ లేకపోవడం కంటే అది వంద రెట్లు నయం. ఫోర్-స్ట్రోక్ ఇంజన్‌లో పోసే మామూలు నూనె మాత్రం వద్దు. అది కాలిపోవడానికి చేసిన నూనె కాదు.

ఆక్టేన్ (పెట్రోలు వేళ కాని వేళ అంటుకోకుండా తట్టుకునే బలం) గురించి కూడా అడుగుతుంటారు. ఈ చిన్న మోటార్లకి మామూలు పెట్రోలు ఆక్టేన్ సరిపోతుంది. ప్రీమియం పెట్రోలుకి పెట్టే డబ్బు మంచి నూనెకి పెట్టడం మేలు.

ఎక్కువైతే ఏం?

మెకానిక్‌తో నా అసలు తగాదా ఇక్కడే. ఆయన అంటాడు: "నూనె తక్కువై చచ్చిన ఇంజన్లు లెక్కలేనన్ని చూశాను. ఎక్కువై చచ్చింది ఒక్కటీ చూడలేదు." దీనికి ఎదురు చెప్పడం కష్టం. కొత్త మోటారుకి మొదటి పది గంటలు 25:1 పొయ్యమని కంపెనీలే చెబుతాయి. అంటే రెట్టింపు నూనె. కొన్నాళ్ళపాటు మోటారు దాన్ని తట్టుకుంటుందనేగా?

తక్కువ నూనెతో ప్రయోగం చేసి వెనక్కి తగ్గిన చరిత్ర కూడా ఉంది. జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లు చేసిన అమెరికా కంపెనీ 1980ల మధ్యలో చిన్న మోటార్లకి 100:1 చాలని చెప్పింది. తర్వాత కొన్నేళ్ళకే 50:1కి తిరిగొచ్చింది. నడిచేటప్పుడు ఎలా ఉన్నా, వాడకుండా పక్కన పెట్టినప్పుడు అంత పలచని నూనె లోపలి ఇనుమును తుప్పు నుంచి కాపాడలేదన్నది దానికి చెప్పే ఒక కారణం. మా నిషేధం 61 రోజులు గుర్తొస్తే నాకు ఈ కథ చాలా దగ్గరగా అనిపిస్తుంది.

అయినా ఎక్కువ పొయ్యడాన్ని నేను ఒప్పుకోలేను. ఇంజన్ చావడం ఒక్కటే ప్రమాదం కాదు. మాకు హార్బరు లేదు, జెట్టీ లేదు. పోవాలన్నా రావాలన్నా కెరటాలు విరిగే చోటు దాటాలి. అక్కడ బోటు వెనక కెరటం లేచే లోపల మోటారు ఒక్క ఊపున అందుకోవాలి. మా చిన్నాన్న "ఎక్కువే మంచిది" అనే మనిషి. ఆయన కలిపింది నేను ఎప్పుడు లెక్కేసినా 25:1 దగ్గర ఉండేది. ఒకరోజు వల పక్కన గంటన్నర సేపు నెమ్మదిగా నడిపి, తిరిగి వస్తూ కెరటాల దగ్గర మోటారు పెంచితే అది దగ్గి ఆగిపోయింది. ప్లగ్గు నూనెతో తడిసి నల్లగా ముద్దైపోయింది. ప్లగ్గు మార్చే వ్యవధి ఎక్కడుంది? బోటు అడ్డం తిరిగింది, తర్వాతి కెరటం బోర్లా తిప్పేసింది. నలుగురూ ఈదుకుంటూ వచ్చారు, అమ్మవారి దయ. వలలు పోయాయి, ఆ రోజు చేప పోయింది. మోటారు విప్పితే లోపల ఎక్కడా ఒక్క గీత లేదు. మెకానిక్ లెక్కలో అది ఆరోగ్యంగా ఉన్న ఇంజనే.

ఇంకో మాట. కార్బొరేటర్ ఉన్న పాతరకం టూ-స్ట్రోక్‌లో పోసిన పెట్రోల్లో దాదాపు పావువంతు కాలకుండానే బయటికి పోతుంది, దానితో పాటు నూనె కూడా. పొగ గొట్టం ఉండేది నీళ్ళలో. మనం చేప పట్టుకునే నీళ్ళే అవి. ఇది చెప్పకుండా టూ-స్ట్రోక్‌ను వెనకేసుకురావడం సరికాదనిపిస్తుంది. కనీసం అవసరం లేని నూనెనైనా సముద్రంలో పొయ్యకుండా ఉండొచ్చు.

బంకులో దొరికే పెట్రోలు

20 శాతం ఇథనాల్ పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. 2025కల్లా బంకుల్లో మామూలుగా దొరికేది అదే అయింది. మైలేజీ తగ్గుతోందని, పాత బళ్ళు పాడవుతున్నాయని పెద్ద చర్చ జరిగింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలన్న పిటిషన్‌ను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ చర్చ నేను రోజూ చదివాను. అందులో కార్లున్నాయి, బైకులున్నాయి. బోటు అన్న మాట నా కంటికి ఎక్కడా కనబడలేదు.

బోటు మోటార్ల మాన్యువల్స్‌లో మామూలుగా కనిపించే మాట, ఇథనాల్ 10 శాతం దాటొద్దని. కారణం నీరు ఒక్కటే కాదు. ఇథనాల్ కాలడానికి పెట్రోలు కంటే తక్కువ గాలి చాలు. కొత్త కార్లలో సెన్సర్లు ఆ తేడా గమనించి ఇంధనం పెంచుకుంటాయి. బావ మోటారులో పెట్రోలును కొలిచి వదిలేది ఇత్తడి జెట్టు, దాని కన్నం ఎంతో అంతే. ఆ కన్నంలోంచి 20 శాతం ఇథనాల్ పెట్రోలు వస్తే గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం సుమారు 8 శాతం పలచనవుతుంది, వేడి పెరుగుతుంది. పిస్టన్ నెత్తి తెల్లగా పాలిపోయి ఉందన్నానే, దాన్ని మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకునేది ఇందుకే.

ఇథనాల్ వద్దని నేను అనను. చెరుకు, మొక్కజొన్న రైతుకి దానివల్ల మేలుందని, దిగుమతి చమురు తగ్గుతుందని చెప్పేవాళ్ళ మాటలో బలం ఉంది. కానీ తీరం వెంబడి, బోట్లు ఎక్కువున్న చోట, ఒక్కొక్క బంకులోనైనా 10 శాతం లోపు ఇథనాల్ ఉన్న పెట్రోలు దొరికేలా చెయ్యమని అడగడం అత్యాశ కాదు. కొద్ది బోట్ల కోసం విడిగా ఒక ట్యాంకు పెట్టడం బంకుకి గిట్టుబాటు కాదంటారు. కావచ్చు. హార్బర్లలో బోట్ల కోసమే డీజిల్ బంకులు నడుస్తున్నప్పుడు పెట్రోలు బోటువాడి కోసం ఆ మాత్రం ఆలోచించలేమా? టీసీ-డబ్ల్యూ3 నూనె విషయం ఇంకా తేలిక. మత్స్యకార సహకార సంఘం పెద్ద డబ్బాలు తెప్పించి లీటర్ల లెక్కన సభ్యులకి అమ్మితే చాలు. దీనికి చట్టం మారక్కర్లేదు.

అంతవరకూ మా ఇంట్లో చేస్తున్నది చెబుతాను. లీటరుకి 20 మిల్లీలీటర్లు, గీతలున్న ప్లాస్టిక్ సీసాతోనే పోస్తాం, ఇంకే పాత్రా వాడం. క్యాన్‌లో సగం పెట్రోలు, తర్వాత నూనె, మూత బిగించి ఊపి, మిగతా పెట్రోలు. ఏ రోజు వేటకి ఆ రోజే కలుపుతాం, మిగిలింది వారం దాటనివ్వం. ట్యాంకుకీ మోటారుకీ మధ్య నీళ్ళు వడకట్టే ఫిల్టరు ఒకటి పెట్టించాం. కొత్త బంకులో పెట్రోలు కొన్నప్పుడు గీతల సీసాలో వంద మిల్లీలీటర్ల పెట్రోలు, పది మిల్లీలీటర్ల నీళ్ళు పోసి ఊపి చూస్తాం. ఇథనాల్ నీళ్ళలోకి దిగి కింది పొర పెరుగుతుంది. ముప్ఫై దగ్గర ఆగితే ఇథనాల్ ఇరవై శాతం ఉన్నట్టు. ఇప్పటిదాకా చూసిన ప్రతిసారీ ముప్ఫై దగ్గరే ఆగింది.

ఏప్రిల్ 14 రాత్రి మళ్ళీ నిషేధం మొదలయ్యే ముందు బావ ఫోన్ చేశాడు. ఈసారి ఎంత పొయ్యాలని అడగలేదు. ట్యాంకు ఖాళీ చేసేశాడట, గాలి స్క్రూ బిగించాడట, డ్రమ్ములో మంచినీళ్ళు పోసి మోటారు నడిపి ఉప్పు కడిగేశాడట. చివర్లో కార్బొరేటర్ అడుగు స్క్రూ విప్పి, కారిందంతా ఒక గాజుసీసాలో పట్టి కిటికీలో పెట్టాడు.

"పది నిమిషాలైంది. అడుగు దాకా నీలంగానే ఉందిరా" అన్నాడు.